రోడ్డు అంచున రాజ్యం

2024 జూలై 1. వలసపాలన నాటి శిక్షాస్మృతికి స్వస్తి చెప్పి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన రోజు. కొత్త చట్టం కింద తొలి కేసు ఎవరి మీద, ఏ నేరానికి నమోదవుతుందోనని ఢిల్లీలో పాత్రికేయులందరం ఎదురుచూశాం. తెల్లవారేసరికి వార్త వచ్చింది. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ దగ్గర పాదచారుల వంతెన కింద బండి పెట్టుకుని నీళ్లూ పొగాకు సరుకూ అమ్ముకుంటున్న ఒక చిరువ్యాపారి దారికి అడ్డుగా ఉన్నాడట. 285వ సెక్షను కింద అతని మీద కేసు పెట్టారు. పాత చట్టంలో ఇదే నేరానికి 283వ సెక్షను ఉండేది. జరిమానా 200 రూపాయలకు మించదు. కొత్త చట్టంలో అది 5,000 దాకా పెరిగింది. వలసవాసనలు వదిలించే చట్టం మొదట వెతికి పట్టుకున్నది తోపుడుబండినా అని ఆ రోజు చాలామంది నవ్వుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు.

విమర్శలు రావడంతో అదే రోజు హోంమంత్రి అమిత్ షా వివరణ ఇచ్చారు. తొలి కేసు అది కాదనీ, అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకు గ్వాలియర్‌లో నమోదైన మోటారు సైకిలు దొంగతనమే తొలి కేసనీ, ఢిల్లీ చిరువ్యాపారి కేసును పోలీసులు సమీక్షించి ముగించారనీ చెప్పారు. మంచిదే. కానీ ఆ వివరణలో నా మనసుకు తట్టిన విశేషం ఒకటుంది. కొత్త న్యాయ సంహితలో ప్రథమ స్థానానికి పోటీపడినవి రెండూ వీధి కేసులే. ఒకదానిలో వాహనం బాధితురాలు. మరొకదానిలో బండి నేరస్థురాలు. మన నగరాల రాజకీయాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

ఆ సాయంత్రం దాని మీద వ్యాఖ్య రాసి, పంపి, ఇంటికి వచ్చి, యథాప్రకారం కారును మా వీధిలో వేపచెట్టు కింద నిలిపాను. దిగి తలుపు వేస్తూ ఆగిపోయాను. 285వ సెక్షను భాషను ఉదయమంతా చదివి ఉన్నాను. ఏదైనా పని చేయడం వల్లగానీ, తన అధీనంలో ఉన్న ఆస్తి విషయంలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్లగానీ బహిరంగ మార్గంలో ఆటంకం కలిగించే వారెవరైనా ఆ సెక్షను కిందికి వస్తారు. అందులో తోపుడుబండి అన్న మాట లేదు. కారుకు మినహాయింపు అన్న మాట కూడా లేదు.

ఆ వేపచెట్టు సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు నడవదు. యమునకు ఆవలి ఒడ్డున మా కాలనీకి నేను వచ్చిన కొత్తలో ఆ చెట్టు కింద ఒక చెక్కబల్ల ఉండేది. దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె, పక్కన దుప్పటి పరిచిన బట్టల మూటలు. భార్యాభర్తలిద్దరూ ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. భర్త మూటలు తెచ్చి ఇచ్చేవాడు, భార్య ఇస్త్రీ చేసేది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా సాయంత్రాలు ఆ బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. అమ్మకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ గంటల తరబడి ఏవో చెప్పుకునేవారు. బడి నుంచి వచ్చే పిల్లలను ఆమె ఒక కంట కనిపెట్టేది. వీధిలోకి కొత్త మనిషి వస్తే ఎవరింటికని అడిగేది.

కొన్నేళ్ల తర్వాత కాలనీ సంక్షేమ సంఘం వారు ఒక వినతిపత్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కాలనీలో ఆక్రమణలు పెరిగిపోతున్నాయి, అత్యవసర వాహనాలకు దారి లేదు, నగరపాలక సంస్థ చర్య తీసుకోవాలి అని అందులో ఉంది. ఏదో ఎన్నికల సభకు వెళ్లే తొందరలో ఉన్నాను. చదివీ చదవకుండా సంతకం చేశాను. నెల తిరగకుండా చెక్కబల్ల పోయింది. ఆ జాగాలోకి మొదట ఎవరి కారో వచ్చింది. వారు ఇల్లు మారాక నా కారు వచ్చింది. అత్యవసర వాహనాలకు దారి మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే, నిజానికి ఇంకా తగ్గింది. చెక్కబల్లను అవసరమైతే ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలరు. కారును అలా ఎత్తలేరు.

కొలతల లెక్క చూద్దాం. రోడ్డు వారగా ఒక కారు నిలపడానికి సుమారు ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. 1985లో బొంబాయి హాకర్ల కేసులో సుప్రీంకోర్టు ఒక్కొక్క వీధి వ్యాపారికి అనుమతించిన జాగా మీటరు పొడవు, మీటరు వెడల్పు. ఒక కారు జాగాలో పన్నెండు కుటుంబాలు బతకవచ్చన్నమాట. నా కారు రోజుకు రెండు గంటలు కదిలితే గొప్ప. మిగతా 22 గంటలూ అది రాజధాని నగరంలో పన్నెండున్నర చదరపు మీటర్ల ప్రభుత్వ భూమి మీద అద్దె లేకుండా విశ్రమిస్తుంది. అదే కొలత గల గది మనిషికి కావాలంటే మా చుట్టుపక్కల నెలకు వేల రూపాయలు చెల్లించాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు 4.7 శాతం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆ సంఖ్య నూటికి ఎనిమిది దాటలేదు. నగరాల్లో ఎక్కువే ఉండవచ్చు, కానీ నడిచేవారు, బస్సెక్కేవారు, సైకిలు తొక్కేవారు ప్రతి నగరంలోనూ ఎక్కువే. ఇది ప్రభుత్వాలకు తెలియని విషయం కాదు. 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానమే రోడ్డును వాహనాలకు కాదు, మనుషులకు పంచాలని చెప్పింది. పార్కింగు రుసుము ఆ భూమి అసలు విలువను ప్రతిబింబించాలని కూడా చెప్పింది. ఆ విధానం వచ్చి దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. పార్కింగు రుసుము పెంచుతామని మేనిఫెస్టోలో రాసి ఎన్నికలకు వెళ్లిన పార్టీని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక నా వృత్తి జీవితంలోని ఒక సిగ్గుపడవలసిన సంగతి. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు సమావేశాలను కవర్ చేసిన తెలుగు విలేకరులలో నేనొకణ్ణి. ఆ రోజులు మనలో ఎవరూ మరిచిపోలేరు. 13న లోక్‌సభలో మిరియాల పొడి చల్లారు. 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన స్థితిలో, తెలంగాణ బిల్లు లోక్‌సభ గడప దాటింది. 20న రాజ్యసభ ఆమోదించింది. ఆ రెండు తేదీల నడుమ, 19న, రాజ్యసభ మరో బిల్లును ఆమోదించింది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ బిల్లు. దేశమంతటా కాలిబాటల మీద బతికే లక్షలాది మందికి తొలిసారిగా చట్టబద్ధమైన రక్షణ దొరికిన రోజది. నేను ఆనాటి నోటుపుస్తకాలను దాచుకున్నాను. ఈ మధ్య తీసి చూశాను. 19వ తేదీ కింద ఎవరు వెల్‌లోకి దూసుకెళ్లారో, ఎవరు ఎవరిని నెట్టారో, సభ ఎన్నిసార్లు వాయిదా పడిందో రాసుకున్నాను. వీధి వ్యాపారుల బిల్లు గురించి ఒక్క అక్షరం లేదు.

రాష్ట్రాల హద్దులు ఎక్కడ గీయాలన్నది ఆ వారం మాకు రాజకీయం. వీధిలో హద్దులు ఎవరు గీస్తారన్నది మాకు రాజకీయంగా తోచలేదు. హైదరాబాద్ ఎవరిదని తెలుగువాళ్లం రాత్రింబవళ్లు వాదించుకుంటున్న రోజులవి. కోఠీలో బండి పెట్టుకున్నవాడికీ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాడికీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో జాకెట్టు గుడ్డలు అమ్మేవాడికీ సంబంధించిన చట్టం మా కళ్లముందే పుట్టింది. మేం చూడలేదు.

ఆ చట్టంలో ఏముందో ఇప్పటికీ చాలామంది మున్సిపల్ అధికారులకు కూడా పట్టదు గనుక నాలుగు మాటలు చెప్పాలి. ప్రతి పట్టణంలోనూ కనీసం ఐదేళ్లకోసారి వీధి వ్యాపారుల సర్వే జరగాలి. వార్డు లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు జాగా కల్పించాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో నూటికి నలభై మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరుకు పాడయ్యేదైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఈ దేశంలో రోడ్డు అంచుకు సంబంధించి ఇంత స్పష్టంగా రాసిన చట్టం మరొకటి లేదు. మా కాలనీ ఇస్త్రీ దంపతులకు ఈ నోటీసు అందిందా అని ఆనాడు ఎవరూ అడగలేదు. అడగగలిగిన స్థితిలో ఉన్నవాళ్లలో నేనొకణ్ణి.

ఈ విషయంలో పార్టీల మధ్య తేడా వెతికితే దొరకదు. 1996 నవంబరులో కోల్‌కతాలో ‘ఆపరేషన్ సన్‌షైన్’ పేరిట రాత్రికి రాత్రి హాకర్ల దుకాణాలను నేలమట్టం చేసింది వామపక్ష ప్రభుత్వం. 2024 జూన్‌లో అదే నగరంలో హాకర్ల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు అధికారంలో ఉన్నది ఆ వామపక్షాన్ని ఓడించిన మమతా బెనర్జీ. నిరసన పెరిగాక నెల రోజుల గడువు ఇచ్చారు. సరిహద్దు ఆవల కరాచీలో 2018 నవంబరులో ఎంప్రెస్ మార్కెట్ చుట్టూ తరాలుగా ఉన్న దుకాణాలను సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో కూల్చారు. జెండాలు మారినా, జాతీయగీతాలు మారినా రోడ్డు అంచున మాత్రం ఒకే పరిపాలన సాగుతున్నది.

ఆక్రమణ అన్న మాటకు మరో ప్రయోజనం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 20న ఢిల్లీ జహంగీర్‌పురిలో, మతఘర్షణలు జరిగిన నాలుగు రోజులకు, రోడ్డు వార దుకాణాల మీదికీ బండ్ల మీదికీ బుల్డోజర్లు వచ్చాయి. యథాతథ స్థితి కొనసాగించాలని సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా గంటకు పైగా కూల్చివేత ఆగలేదు. మామూలు రోజుల్లో ఎవరికీ కనిపించని ఆక్రమణ ఆ రోజు హఠాత్తుగా కనిపించింది. 2024 నవంబరులో బుల్డోజర్ కూల్చివేతలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 15 రోజుల నోటీసును తప్పనిసరి చేసింది. దాన్ని నేను స్వాగతిస్తూ రాశాను. కానీ రోడ్లు, వీధులు, ఫుట్‌పాత్‌ల వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. మేడకు రక్షణ దొరికింది. బండికి మాత్రం 2014 నాటి ఆ చట్టమే దిక్కు.

ఇక్కడిదాకా చదివినవారిలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. మరి నడిచేవాళ్ల సంగతేమిటి? ఫుట్‌పాత్ మొత్తం బండ్లతో, బోర్డులతో, టిఫిన్ స్టాళ్ల గ్యాస్ సిలిండర్లతో నిండిపోతే చంటిపిల్ల తల్లి, చక్రాల కుర్చీలో మనిషి, చూపు లేనివారు ఎక్కడ నడవాలి? ఈ ప్రశ్న న్యాయమైనది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 32,825 మంది పాదచారులు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆటంకం లేని ఫుట్‌పాత్‌ను పొందే హక్కు 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పడం ఈ నేపథ్యంలోనే. అది చాలా కాలంగా రావలసిన మాట.

వీధి వ్యాపారాన్ని ఒక పవిత్ర వస్తువుగా చూడనవసరం లేదు. మంచి జాగా ఎవరికి దక్కుతుందన్నది స్థానిక నాయకుడి చలవ మీద, పోలీసు మామూళ్ల మీద ఆధారపడి ఉంటుంది. ఒకే మనిషి నాలుగు జాగాలు పట్టి రోజు అద్దెకిచ్చే చోట్లు ఉన్నాయి. పక్కా దుకాణాలవాళ్లు పన్నులు కట్టి గుమ్మం ముందు పోటీని భరించాలనడం కూడా సులువు కాదు. అయితే చట్టం చెప్పిన సర్వే, ధ్రువపత్రం, కమిటీ అన్నవి సరిగ్గా ఈ రోగానికే మందు. లెక్క లేని చోటే మామూళ్లు పుడతాయి. జాగా చట్టబద్ధమైతే వసూళ్లకు ఆధారం పోతుంది. అందుకే ఆ చట్టం అమలుకు అన్ని అంచెలలోనూ ఇంత నిదానం.

న్యాయస్థానం ఇచ్చిన పాదచారుల హక్కు అమలులో ఎటు తిరుగుతుందన్నదే నా భయం. ఫుట్‌పాత్ ఖాళీ చేయండి అన్న ఆదేశం రాగానే లారీ ఎక్కేది చిరువ్యాపారి తక్కెడే. ఫుట్‌పాత్ మీద రెండు చక్రాలు ఎక్కించి నిలిపిన కారు ఎక్కదు. 2019లో దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారును ట్రాఫిక్ కారణంగా హైకోర్టు ఆదేశాల మేరకు నేతాజీ సుభాష్ మార్గ్ నుంచి తీసేశారు. పుస్తకాలవాళ్లు పోరాడి దగ్గరలోని మహిళా హాట్ ప్రాంగణానికి చేరారు. వారానికి ఒక్క రోజు జరిగే పుస్తకాల బజారు అడ్డు అయింది. వారంలో ఏడు రోజులూ నిలిచి ఉండే కార్ల వరుస మన కళ్లకు రోడ్డులో భాగం అయిపోయింది. పాదచారినీ చిరువ్యాపారినీ ఒక మీటరు పట్టీ మీద కొట్లాటకు దింపి, పక్కనున్న రెండున్నర మీటర్ల పట్టీని చర్చలోకే రానివ్వకపోవడం మన నగరపాలనలో అన్నిటికంటే సఫలమైన రాజకీయం.

ఆ పట్టీ వల్ల నష్టపోయేవారిలో బస్సు ప్రయాణికులు ముందుంటారు. భారతీయ రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. లోఫ్లోర్ బస్సు ఆ అంచుకు ఆనుకుని ఆగితే ముసలివాళ్లు కూడా ఒక్క అడుగులో ఎక్కగలరు. కోట్లు పోసి లోఫ్లోర్ బస్సులు కొన్నది అందుకే. కానీ బస్టాపు ముందు రెండు కార్లు, మూడు ఆటోలు నిలిస్తే బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. ప్రయాణికులు ఫుట్‌పాత్ దిగి, బైకులను తప్పించుకుంటూ వెళ్లి, నేల నుంచి బస్సులోకి ఎగబాకాలి. మా అమ్మ ఢిల్లీలో బస్సెక్కడం మానేసింది అందుకే. ఆమె కోపం బస్సు మీద కాదు. “బస్సు మంచిదేరా నాన్నా, దాని దాకా పోయేదెట్లా?” అన్నది ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇప్పుడు రాజకీయ ప్రాముఖ్యం వచ్చింది. ఢిల్లీలో 2019 అక్టోబరు నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. టికెట్టు మాఫీ చేయడానికి ప్రభుత్వాలు పోటీ పడుతున్నాయి. ఆ టికెట్టు పట్టుకుని ఆమె నిలబడవలసిన పదిహేను మీటర్ల రోడ్డు అంచును ఖాళీగా ఉంచే బాధ్యతకు మాత్రం పోటీ లేదు. అది ఓట్లు తెచ్చే పథకం కాదు. పైగా కార్లు తీయించాలి, ఆటో యూనియన్లతో మాట్లాడాలి.

ఆ పదిహేను మీటర్లు ప్రాణాల మీదికి తెస్తాయని ఢాకా నేర్చుకుంది. 2018 జూలై 29న అక్కడి ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడిన విద్యార్థుల మీదికి, ప్రయాణికుల కోసం మరో బస్సుతో పోటీ పడుతూ వచ్చిన బస్సు దూసుకెళ్లింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. తర్వాత రోజుల తరబడి యూనిఫారాల్లో ఉన్న బడి పిల్లలు నగరమంతా రోడ్ల మీదికి వచ్చి, డ్రైవర్ల లైసెన్సులు తనిఖీ చేశారు. మంత్రుల వాహనాలనూ ఆపారు. ఆ ఏడాదే బంగ్లాదేశ్ కొత్త రోడ్డు రవాణా చట్టం చేసుకుంది. అక్కడి ఉద్యమాల చరిత్ర రాసేవారు 2018ని దాటి 2024కు నేరుగా వెళ్లలేరు.

మనకూ రోడ్డును పంచే ప్రయత్నం ఒకటి జరిగింది. 2008లో ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర బస్సులకు ప్రత్యేక వరుసలు వేశారు. నిర్మాణంలో లోపాలున్నాయి, నిజమే. కానీ దాన్ని చంపింది లోపాలు మాత్రమే కాదు. తొలిసారిగా బస్సు ముందుకు పోతుంటే కారు ఆగి చూడవలసి వచ్చింది. దానికి వ్యతిరేకంగా వేసిన వ్యాజ్యాన్ని 2012లో హైకోర్టు కొట్టివేసింది. కోర్టులో గెలిచిన కారిడార్ రాజకీయాల్లో ఓడింది. సామాన్యుడి పేరు పెట్టుకున్న పార్టీ అధికారంలోకి వచ్చాక 2016లో దాన్ని తవ్వి తీసేశారు. కారు నడిపే సామాన్యుడి గొంతు బస్సులో నిలబడిన సామాన్యుడి గొంతు కంటే పెద్దదని ఆ రోజుల్లో అర్థమైంది. పత్రికల్లో, టీవీ స్టూడియోల్లో ఆ గొంతులు మావే. విలేకరులలో చాలామందిమి ఆ రోడ్డు మీద కార్లలో కూర్చుని విసుక్కున్నవాళ్లమే.

ఇప్పుడు రోడ్డు అంచుకు కొత్త హక్కుదారులు వచ్చారు. ఆర్డరు కోసం ఫోను చూస్తూ హోటళ్ల ముందు గుంపుగా నిలబడే డెలివరీ కుర్రాళ్లు, పిలుపు కోసం ఎదురుచూసే యాప్ క్యాబులు, చార్జింగు దొరికే చోటు వెతికే ఈ-రిక్షాలు. వీళ్లను నడిపించే కంపెనీలకు నగరంలో గోదాము ఉంటుంది, కార్యాలయం ఉంటుంది, కానీ వీళ్లు నిలబడే చోటు మాత్రం కంపెనీది కాదు, మనది. పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేరడానికి అయ్యే ఖర్చులో ఒక భాగాన్ని ఎవరికీ చెప్పకుండా రోడ్డు అంచు భరిస్తున్నది. 2023లో రాజస్థాన్ గిగ్ కార్మికుల కోసం దేశంలోనే తొలి చట్టం చేసింది, మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. సంక్షేమ నిధి గురించి అందరూ మాట్లాడారు, వాళ్లు నిలబడడానికి నీడ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంతమంది హక్కుదారుల మధ్య తీర్పు చెప్పేదెవరు? రాజ్యాంగం జవాబు ఇచ్చింది. 74వ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో 17వ అంశంగా వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. అంటే ఇది ఎన్నికైన నగరపాలక సంస్థ చేయవలసిన పని. ఆచరణలో పార్కింగు కాంట్రాక్టు నగరపాలక సంస్థది, చలానా ట్రాఫిక్ పోలీసులది, బస్టాపు రవాణా సంస్థది, రోడ్డు వేరే శాఖది. ఢిల్లీలోనైతే పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు. ఇక ఎన్నికైన పాలకమండలి అన్నదే ఉండదు. చెన్నైకి 2016 నుంచి 2022 దాకా లేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరులో గడువు ముగిశాక ఏళ్ల తరబడి లేదు. ముంబైకి 2022 మార్చి తర్వాత మూడేళ్లకు పైగా లేదు. రోడ్డు అంచు గురించి నిలదీయడానికి కార్పొరేటరే లేనప్పుడు, పలుకుబడి ఉన్నవాడు ఫోను చేస్తాడు, లేనివాడు తట్ట ఎత్తుకుని పరిగెత్తుతాడు.

చేయవలసినవి అంతుపట్టని రహస్యాలేమీ కావు. కారు కొనేవారు దాన్ని నిలపడానికి సొంత జాగా ఉందని చూపాలన్న నిబంధన జపాన్‌లో 1962 నుంచి ఉంది. ఉచిత పార్కింగు ఖర్చును కారు లేనివారు కూడా మోస్తారని అమెరికన్ ఆర్థికవేత్త డొనాల్డ్ షూప్ 2005లో ఒక పెద్ద గ్రంథమే రాశారు. చెన్నైలో 2019లో పాండీ బజారును పాదచారుల వీధిగా మార్చారు. చాందినీచౌక్‌లో 2021 నుంచి ఉదయం తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. అక్కడ కూడా వీధి వ్యాపారులకు జాగా దక్కలేదన్నది వేరే కథ, కానీ ఒక సూత్రం ఉంది. రోడ్డును గజాలతోనే కాదు, గంటలతో కూడా పంచవచ్చు.

ఆ సూత్రం మనకు కొత్తది కాదు. వారపు సంత అంటే అదే కదా. ఢిల్లీలో సోమ్ బజార్, బుధ్ బజార్ పేరుతో రోజుకో పేటలో వెలిసే సంతలు సాయంత్రం పుట్టి రాత్రికి మాయమవుతాయి. మరునాడు అదే రోడ్డు మీద బస్సు పోతుంది. తెల్లవారుజామున సరుకు దించే లారీ, ఉదయం బడి పిల్లల బస్సు, మధ్యాహ్నం రుసుము చెల్లించిన కారు, సాయంత్రం కూరగాయల బండి — ఒకే అంచు అందరిదీ కావచ్చు. దానికి ఒక కాలపట్టిక, దాన్ని అమలు చేసే అధికారి, ఆ అధికారిని ప్రశ్నించగల కార్పొరేటరు ఉంటే చాలు. కొరత భూమికి కాదు. ఈ మూడింటికి.

మొన్న శీతాకాలంలో అమ్మ మళ్లీ వచ్చింది. “ఆ ఇస్త్రీ అమ్మాయి ఏదిరా?” అని మూడోసారి అడిగాక వెతికాను. రెండు వీధుల అవతల, మురుగు కాలువ పక్కన, టార్పాలిను కింద బల్ల వేసుకుని కనిపించింది. భర్త వాచ్‌మన్ పనికి వెళుతున్నాడట. గిరాకీ సగానికి పడిపోయిందని చెప్పింది. సంతకం సంగతి చెబుదామని మొదలుపెట్టాను. ఆమె నవ్వి, “తెలుసు సాబ్. కాగితం చూపించారు మాకు. అందరి పేర్లూ ఉన్నాయి. నాకు చదువు రాదు, ఆయనే చదివాడు” అంది. అమ్మకు ఈ మాటలు తర్జుమా చేయలేదు.

ఆ వారమే సంక్షేమ సంఘం సమావేశంలో వేపచెట్టు కింది జాగాను ఆమెకు తిరిగి ఇవ్వాలని అడిగాను. చట్టం గురించి చెప్పాను. సంఘం అధ్యక్షుడు మర్యాదగానే విని, “మీ మంచితనం సరే. కానీ ఒకసారి ఇస్తే రేపు పది బండ్లు వస్తాయి. అయినా సంతకం మీరూ చేశారు కదా” అన్నారు. ఓటింగు దాకా కూడా పోలేదు. నేను అంతటితో ఊరుకోలేక, కారును అర కిలోమీటరు దూరంలోని చెల్లింపు పార్కింగుకు మార్చాను. చెట్టు కింద జాగా ఖాళీగా ఉంటే మాట్లాడటం సులువవుతుందని అనుకున్నాను.

మరునాడు ఉదయం చూస్తే అక్కడ వేరే కారు ఉంది. దాని మీద అప్పుడే వేపాకులు రాలి ఉన్నాయి.